మిల్కా వరుసలో ఐదో గడి

ఉన్ని మేజోళ్ళు నాలుగు జతలు సంచి అడుగున పరిచి, వాటి మీద ఎర్రమిరప పచ్చడి సీసాను తువ్వాలులో చుట్టి నిలబెట్టింది వెలిచ్కా. ఒక్క క్షణం చూసి మళ్ళీ బయటికి తీసింది. దారిలో సీసా పగిలితే మేజోళ్ళన్నీ నూనె పీల్చుకుంటాయి. ఈసారి సీసాను అడుగున పెట్టి, మేజోళ్ళను చుట్టూ కుక్కింది. అదీ నచ్చలేదు. మళ్ళీ తీసింది.

చెల్లెలు మిల్కా మంచం పట్టె మీద కూర్చుని చూస్తోంది.

"అక్కా, ఆ సంచి సర్దుతున్నావా, విప్పుతున్నావా?"

"రెండూనూ."

"ఇటలీలో మేజోళ్ళు దొరకవనా?"

"దొరుకుతాయి. అరికాలు దగ్గర రెండు పోగులు వేసి అల్లినవి దొరకవు. నోరు మూసుకుని ఆ తాడు ఇలా అందించు."

నీలం గళ్ళ ప్లాస్టిక్ సంచి అది. జిప్పు పోయి మూడేళ్ళయింది, తాడుతో కడతారు. సంచులు సర్దడం వెలిచ్కాకు కొత్త కాదు. పదహారో ఏట అన్న సైన్యానికి పోతుంటే కర్రపెట్టె సర్దింది. పెళ్ళయిన నాలుగేళ్ళకు మొగుడు కట్టడాల పనికి లిబియా పోతుంటే సూట్‌కేసు సర్దింది. ఇప్పుడు అరవై ఏడేళ్ళు. ఎన్నిసార్లు సర్దినా ఒకటే చాదస్తం. సంచి మూత పడనంతసేపూ ప్రయాణం మొదలవనట్టే అనుకుంటుంది. అందుకే పెట్టిన వస్తువును తీస్తుంది, తీసినదాన్ని పెడుతుంది.

కానీ ఈసారి చాదస్తం ఒక్కటే కాదు, కోపం కూడా ఉంది. ఈ సంచి అసలు సర్దాల్సిన సంచి కాదు.

ఆ ఊళ్ళో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ దూరాలు పోతారు. ఇటలీలో ఎనిమిది ఇళ్ళు, ఎనిమిదిమంది ముసలివాళ్ళు. వాళ్ళకు స్నానాలు చేయించి, మందులు వేసి, రాత్రి పక్కగదిలో పడుకోవడానికి ఊరి నుంచి ఎనిమిదిమంది ఆడవాళ్ళు వెళ్తారు. మూడు నెలలు అక్కడ, మూడు నెలలు ఇక్కడ. వీళ్ళు మినీబస్సు దిగితే వాళ్ళు ఎక్కాలి. ఎవరి వంతు ఎప్పుడన్న తగువు జుట్లు పట్టుకునేదాకా వచ్చాక, మూడేళ్ళ కింద ఊరి పఠనమందిరంలో అందరూ కూర్చుని కట్టడి చేసుకున్నారు. ఇంటికొచ్చి తొంభై రోజులు నిండినవాళ్ళు వెళ్ళాలి. ఇంట్లో రోగి ఉన్నవాళ్ళు ఉండిపోవాలి. ఎనిమిదిమందికి మించితే ఎక్కువ రోజులు ఇంట్లో ఉన్నవాళ్ళు ముందు, తక్కినవాళ్ళు వేచి ఉండాలి. మనుషులు తీర్పు చెబితే పక్షపాతం వస్తుందని, ఇదంతా పఠనమందిరంలోని కంప్యూటరు షీటులో పెట్టించారు. పేరు పక్కన "వెళ్తుంది", "ఉంటుంది", "వేచి ఉంటుంది" అని యంత్రమే చెబుతుంది. షీటు చూసేది గెర్గానా. వైన్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో గోడౌను గుమాస్తాగా చేసింది, యాభై ఎనిమిదేళ్ళు, విధవ, ఒంటరిది.

నిన్న శుక్రవారం, మార్చి ఎనిమిది. మహిళల పండగని ఊరి పెద్ద ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కార్నేషన్ పువ్వు పెడుతుండగానే గెర్గానా వచ్చి తలుపుకు కాగితం అంటించింది. నాలుగో పేరు మిల్కా. పక్కన "వెళ్తుంది".

వెలిచ్కా చేతిలో పువ్వు చేతిలోనే ఉండిపోయింది. నవంబరులో, మిల్కా ఇటలీలో ఉండగా, కోళ్ళగూడు దగ్గర వెలిచ్కా పడిపోయింది. గంటసేపు మంచులో పడి ఉంటే పక్కింటి ఇలింకా చూసి కేకలు పెట్టింది. గుండె సగమే పనిచేస్తోందని, ఇంట్లో ఒంటరిగా వదలొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంట్లో రోగి ఉన్నట్టా, లేనట్టా?

"ఫారం నువ్వే కదా నింపావు?" అంది మిల్కా తాడు అందిస్తూ. నిన్నటి నుంచి ఇది మూడోసారి.

"నేనే నింపాను. నువ్వు ద్రాక్షతోటలో కొమ్మలు కత్తిరిస్తున్నావు."

"రోగి ఉన్నారా అన్నచోట రాశావా?"

"రాశానే తల్లీ! ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను."

"రాస్తే మరి నా పేరెందుకొచ్చింది?"

"ఆ సంగతి నన్నెందుకు అడుగుతావు? గెర్గానాను అడగాలి."

ఆ పేరు నోటి వెంట రాగానే గది చిన్నదైపోయినట్టయింది. మిల్కాకు యాభై ఏడేళ్ళు, అక్క కంటే పదేళ్ళు చిన్న. తల్లి పోయాక వెలిచ్కా చేతుల మీద పెరిగింది. పెద్దగా నోరుచేసుకునే రకం కాదు.

ఆ నోరు ఇలింకాకు ఉంది. సంచికి తాడు బిగించకముందే కంచె అవతల నుంచి పిలిచింది.

"వెలిచ్కక్కా! తొమ్మిదో పేరు ఎవరిదో చూశావా?"

"చూశాను."

"గెర్గానాదే! 'వేచి ఉంటుంది' అట. అందరి కొంపలూ సర్దేసి తాను మాత్రం కాలు మీద కాలు వేసుకుని వేచి ఉంటుంది. వడ్డించేది తానే అయినప్పుడు ఏ బంతిలో కూర్చుంటే ఏం లే!"

"నీ పేరు రాలేదుగా, నీకెందుకే?"

"మా మామగారు మంచంలో ఉన్నాడు, 'అవును' అని రాశాను, ఇంటికి అతుక్కుపోయాను. నా సంగతి కాదు. డిసెంబరులో అందరూ ఆరో తారీఖున దిగితే ఆవిడొక్కతే మూడు రోజులు ఆలస్యంగా ఎందుకొచ్చింది? ముసలాయన కూతురు టైముకి రాలేదట! ఎవరు చూడొచ్చారు? మూడు రోజులు తక్కువైతే తొమ్మిదో నంబరుకు జారిపోతానని ఆవిడకు అప్పుడే తెలుసు."

వెలిచ్కా నవ్వలేదు. మూడు నెలల ముందే ఇంత లెక్క ఎవరేస్తారని ఒక మనసు అంటోంది. గోడౌను గుమాస్తా వేస్తుందని ఇంకో మనసు అంటోంది. ఇలాంటప్పుడు ఆమెలో ఎప్పుడూ రెండో మనసే గెలుస్తుంది.

ఆమె అందరిలా ఊరికే గొణిగి ఊరుకునే మనిషి కాదు. ఏడో తరగతితో బడి మానేసినా, పఠనమందిరం బీరువాల్లో పుస్తకాలన్నీ ఒక్కోటిగా ఇంటికి తెచ్చి చదివింది. తేనెటీగల పెంపకం, చంద్రుడి మీది గుంటలు, టర్కీ సుల్తానుల చరిత్ర, ఏదీ వదల్లేదు. జనవరిలో పింఛనుదారులకు కంప్యూటరు పాఠాలని పెడితే, అక్కడి పొయ్యి వెచ్చగా ఉంటుందని వెళ్ళింది. పాఠాలు చెప్పే అమ్మాయి రెండు వారాలకే మానేసి పట్నం పోయింది. పుస్తకం మిగిలింది. వెలిచ్కా దాన్ని కూడా చదివేసింది. పఠనమందిరంలోని రెండో కంప్యూటరు ముందు కూర్చుని, ఒక్క వేలితో తన ఏడు కోళ్ళకూ షీటు తయారు చేసుకుంది.

ఇఫ్ అనే సూత్రానికి మూడు భాగాలని ఆ పుస్తకంలో ఉంది. మొదటిది ప్రశ్న. రెండోది, ప్రశ్న నిజమైతే చెప్పాల్సిన మాట. మూడోది, నిజం కాకపోతే చెప్పాల్సిన మాట. వారంలో గుడ్డు పెట్టిందా అన్న గడిలో "అవును" అని ఉంటే "ఉంచు", లేకపోతే "సూపు". యంత్రం ఆమె కోళ్ళలో అయిదింటిని ఉంచింది, రెండింటిని సూపులో వేసింది. చుక్కల కోడి ముక్కుతూ మూలుగుతూ ఉండేది, దాని సంగతి తేలలేదు. అందుకని ఆ గడిలో "రేపు చూద్దాం" అని రాసింది. అయినా యంత్రం "సూపు" అనే అంది. దయలేని యంత్రమని తిట్టి కంప్యూటరు కట్టేసి వచ్చింది.

ఇప్పుడా పుస్తకం తెరిచి, ఇఫ్ పాఠం మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఒక ఇఫ్ కడుపులో ఇంకో ఇఫ్ పెట్టొచ్చు. రెండు షరతులను యాండ్‌తో ముడేయొచ్చు, అప్పుడు రెండూ నిజమైతేనే నిజం. నిలువు వరుసను కంటికి కనబడకుండా దాచేయొచ్చు. ఆ చివరి మాట కింద గోటితో గీటు పెట్టింది. దాచేయొచ్చు! పేరు మిల్కా అయితే "వెళ్తుంది", పేరు గెర్గానా అయితే "వేచి ఉంటుంది" అని ఎక్కడో ఒక మూల రాసి దాచేస్తే ఈ ఊళ్ళో కనిపెట్టగలిగిన మనిషి ఎవరు? తానొక్కతే.

కోటు తొడుక్కుంది.

"ఎక్కడికి?" అంది మిల్కా.

"దొంగను పట్టుకోవడానికి."

"అక్కా, డాక్టరు నిన్ను ఆవేశపడొద్దన్నాడు."

"ఆవేశం కాదే, చదువు."

పఠనమందిరంలో గెర్గానా ఒక్కతే ఉంది. నిన్నటి పండగ కుర్చీలు గోడకు చేరుస్తోంది. బల్ల మీద వాడిన కార్నేషన్లు పడి ఉన్నాయి. పొడుగ్గా, ఎముకల గూడులా ఉండే మనిషి. ఎవరి వైపూ సూటిగా చూడదు. తప్పు చేసినవాళ్ళే అలా చూస్తారని వెలిచ్కా ఎప్పటి నుంచో అనుకుంటుంది.

"గెర్గానా, షీటు చూడాలి."

"చూడు. దానికి తాళమేమీ వేయలేదు."

అంత తేలిగ్గా ఒప్పుకోవడం వెలిచ్కాకు నచ్చలేదు. దాచాల్సినదాన్ని దాచేసినవాళ్ళే తలుపులు బార్లా తెరుస్తారు. కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. ఇరవై మూడు వరుసలు. మొదటి గడిలో నంబరు, రెండోదాంట్లో పేరు, మూడోదాంట్లో ఇంటికొచ్చిన తారీఖు, నాలుగోదాంట్లో రోజులు, ఐదోదాంట్లో ఇంట్లో రోగి, ఆరోదాంట్లో తీర్పు. మిల్కా వరుసలో తీర్పు గడి మీద నొక్కింది. పైన సన్నటి గీతలో సూత్రం తేలింది. ఒక్కో అక్షరమూ వేలు పెట్టి చదివింది.

రోజులు తొంభైకి తగ్గకుండా ఉండి, అదీగాక రోగి గడిలో "అవును" అని లేకుండా ఉంటే, "వెళ్తుంది". లేకపోతే "ఉంటుంది". ఎనిమిదికి మించినవాళ్ళకు "వేచి ఉంటుంది" అని ఇంకో చిన్న ఇఫ్.

మిల్కా పేరు ఎక్కడా లేదు. పై వరుస మీద నొక్కింది. అదే సూత్రం. కింది వరుస. అదే. ఇరవై మూడు వరుసలూ నొక్కింది. గెర్గానా వరుసను ఆఖరికి పెట్టుకుంది, ఎందుకంటే అక్కడ తప్పకుండా ఉంటుంది. అక్కడా అదే సూత్రం, కామా కూడా తేడా లేదు.

"దాచిన వరుసలున్నాయా?"

"నువ్వే చూడు."

పైన అక్షరాలు వరసగా ఉన్నాయో లేదో చూసింది. ఒక్కటీ తప్పిపోలేదు. ఎడమ పక్క అంకెలు చూసింది. అవీ సరిగ్గా ఉన్నాయి. గోడ మీది క్యాలెండరు దించి డిసెంబరు ఆరు నుంచి రేపటి మార్చి పది వరకూ వేళ్ళ మీద లెక్కేసింది. తొంభై నాలుగు. షీటులోనూ తొంభై నాలుగే. గెర్గానాకు తొంభై ఒకటి. అదీ సరే.

గెర్గానా ఆఖరి కుర్చీ గోడకు ఆనించి చేతులు దులుపుకుంది.

"అయిందా? సొరుగులు తియ్యనా? కోటు జేబులు చూస్తావా?"

"నీకెందుకంత ఉలుకు? గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు!"

"నా భుజాలు మూడేళ్ళుగా మీరే తడుముతున్నారు అక్కా, నాకు ఆ అవసరం రావడం లేదు."

వెలిచ్కా చూపు అప్పటికే ఐదో గడి దగ్గర ఆగిపోయింది.

ఆ నిలువు వరుసంతా "అవును", "లేదు", "లేదు", "అవును" అని పొట్టి మాటలు. ఇలింకా ఎదురుగా "అవును". గెర్గానా ఎదురుగా "లేదు". మిల్కా ఎదురుగా మాత్రం గడిలో పట్టక పక్కకు పొర్లిన పొడుగు మాట ఉంది. "దేవుడు కాపాడుగాక."

అది తన మాటే.

ఫిబ్రవరి మొదటివారంలో వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాసిన సంగతి ఆమెకు కళ్ళకు కట్టినట్టు గుర్తుకొచ్చింది. ఇంట్లో ఎవరైనా రోగులున్నారా? ఆ ప్రశ్న చదివి కలం పక్కన పెట్టి, చెడు దరిచేరకూడదని మూడుసార్లు బల్ల కింద చెక్కను తట్టింది. ఆ ఇంట్లో రోగం పేరు పెట్టి పిలవరు. పదమూడేళ్ళప్పుడు బావి దగ్గర ఎవరో "మీ అమ్మకు బాగాలేదా?" అంటే వెలిచ్కా "అవును" అంది. నలభై రోజులు తిరక్కుండానే తల్లిని గుట్ట మీది శ్మశానానికి మోసుకెళ్ళారు. ఆ రోజు నుంచీ ఎవరి గురించి ఎవరడిగినా ఆమె నోట ఆ మాట రాలేదు. ఈ ఊళ్ళో చాలామంది అంతే. రోగముందా అంటే దేవుడు కాపాడుగాక అంటారు. విన్నవాడికి ఉందని అర్థమవుతుంది, రోగానికి మాత్రం తనను పిలిచినట్టు వినబడదు. మనుషుల మధ్య ఇన్నేళ్ళుగా ఎప్పుడూ తేడా రాలేదు.

కానీ సూత్రానికి కావలసింది "అవును" ఒక్కటే. దేవుడు కాపాడుగాక అన్నా, అయ్యో అన్నా, గడి నిండా కన్నీళ్ళు పెట్టినా, అది "అవును" కాదు. "అవును" కానిదంతా పోయి "లేదు" కిందే పడుతుంది. చుక్కల కోడికి పట్టిన గతే.

అయినా అనుమానం అంత సులువుగా చావదు. దానికి ఇంకో మెట్టు దొరికింది.

"నువ్వు చదువుకున్నదానివి. ఇది చూసినప్పుడు నీకు అర్థం కాలేదా? కోళ్ళగూడు దగ్గర నేను పడిపోయిన సంగతి ఊరంతటికీ తెలుసు. నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి 'అవును' అని ఎందుకు కొట్టలేదు? నీ చేతిలో పనే కదా? కావాలనే వదిలేశావు!"

గెర్గానా మొదటిసారి ఆమె కళ్ళలోకి సూటిగా చూసింది.

"రెండేళ్ళ కింద ఒకామె తారీఖు తప్పు రాస్తే నేను దిద్దాను. గుర్తుందా? ఇదే గదిలో సభ పెట్టారు. మా రాతలు మార్చడానికి ఈవిడెవరు అని అందరికంటే ముందు లేచి నిలబడింది ఎవరు?"

వెలిచ్కా కళ్ళజోడు సర్దుకుంది.

"నువ్వే అక్కా. అదిగో, ఆ కిటికీ పక్క కుర్చీలోంచి లేచావు. గోడౌనులో సీసాలు మాయమైనట్టే మా రోజులూ మాయమవుతాయని అన్నావు. అందరూ నవ్వారు. ఆ రోజే ఒట్టేసుకున్నా, కాగితం మీద ఏముంటే అదే కొడతాను, ఒక్క అక్షరం మార్చను అని. నీ కాగితం మీద దేవుడు కాపాడుగాక అని ఉంది. అదే కొట్టాను. చెల్లెల్ని పంపడం ఇష్టమై అలా రాశావేమో అనుకున్నా. వచ్చి అడుగుదామని కూడా అనుకున్నా. అడిగితే ఏమనేదానివి?"

ఏమనేదో వెలిచ్కాకు తెలుసు. నా గడితో నీకేం పని అనేది.

బయట ఎవరిదో ట్రాక్టరు వెళ్ళింది. అద్దాలు కాసేపు అదిరి ఊరుకున్నాయి.

"ఇప్పుడు మార్చొచ్చా?" అంది వెలిచ్కా.

"బస్సు కదిలేదాకా ఎవరి గడి వాళ్ళు మార్చుకోవచ్చు. కట్టడి చేసుకున్నప్పుడే అనుకున్నాం. కానీ నేను కొట్టను. నువ్వే కొట్టు."

గెర్గానా కీబోర్డు ఆమె వైపు జరిపింది. వెలిచ్కా వేలు గాలిలో ఆగింది. ఏభై నాలుగేళ్ళుగా అనని మాట. అంటే రోగానికి ఇంటి తలుపు తీసినట్టే. అనకపోతే రేపు పొద్దున ఎనిమిదింటికి మిల్కా బస్సెక్కుతుంది. తర్వాత ఏ తెల్లవారుజామునో మళ్ళీ కోళ్ళగూడు దగ్గర తానుంటుంది, ఇలింకా కంచె అవతల ఉండకపోవచ్చు. రెండు భయాలను పక్కపక్కన పెట్టి చూసింది. ఎడమచేత్తో బల్ల కింద చెక్కను తట్టుకుంటూనే, కుడిచేతి వేలితో ఒక్కో అక్షరం వెతికి నొక్కింది. అవును.

మిల్కా ఎదురుగా "ఉంటుంది" అని వచ్చింది. రెప్పపాటు కూడా పట్టలేదు. అదే రెప్పపాటులో ఇంకో గడి కూడా మారింది. కింద, గెర్గానా వరుసలో, "వేచి ఉంటుంది" పోయి "వెళ్తుంది" వచ్చింది.

ఇద్దరూ దాన్నే చూశారు.

ఇక్కడే దొరుకుతుందనుకుంది వెలిచ్కా. ఇప్పుడు ఏదో ఒక వంక చెబుతుంది. ఇంట్లో పిల్లికి జ్వరమంటుంది. అందుకే కుర్చీలోంచి కదల్లేదు. గెర్గానా వంగి, ఒక మీట నొక్కింది. మూలనున్న ప్రింటరు మూలిగి కాగితం బయటికి తోసింది. కొత్త జాబితా. మిల్కా పేరు లేదు. ఎనిమిదోది గెర్గానా.

"ఇప్పటికైనా తృప్తిగా ఉందా?"

"నీ గడి కూడా మార్చుకోవచ్చుగా," అంది వెలిచ్కా. పరీక్షించడానికే అంది.

"ఏమని మార్చుకోను? ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. నాకు బాగుందా అని ఆ షీటు అడగదు. ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అనే అడుగుతుంది. ఎవరూ లేరు. కాబట్టి లేదు."

నిన్నటి కాగితం తలుపు మీంచి చింపి, కొత్తది అంటించి, మేకులు నోట్లో పెట్టుకున్నట్టు పెదాలు బిగించి వెళ్ళిపోయింది. వెలిచ్కా తలుపు దగ్గరే చాలాసేపు నిలబడింది. ఆమె మళ్ళీ వచ్చి కాగితం మారుస్తుందేమోనని కాపలా కాసింది. చలికి కాళ్ళు కొయ్యబారాక ఇంటికి నడిచింది.

మిల్కా సంగతంతా విని, సంచి తాడు విప్పింది. మేజోళ్ళు ఒక్కో జతా తీసి మంచం మీద పెట్టింది.

"దేవుడు కాపాడుగాక అని రాశావా?"

"రాశాను."

"ముత్యాల్లాంటి అక్షరాలతో."

"ఎగతాళి చెయ్యకే."

"ఎగతాళి కాదక్కా. నా బదులు ఎవరు పోతున్నారు?"

"గెర్గానా."

మిల్కా చేతులు ఆగాయి. "ఆవిడ వచ్చేటప్పుడే బస్సు మెట్లు దిగలేక డ్రైవరు భుజం పట్టుకుంది. పదోసారి ఇది. ఇక ఈ ఏడాదితో మానేస్తానంది."

"అన్నీ నటనలే," అంది వెలిచ్కా. అని, తన మాట తనకే రుచించక, మేజోళ్ళలో ఒక జత వెనక్కి తీసుకుంది. బూడిదరంగువి. కొంచెం పెద్దవి.

ఆదివారం పొద్దున ఎనిమిదికి చౌరస్తాలో మినీబస్సు ఆగి ఉంది. డ్రైవరు సంచులు వెనక కుక్కుతున్నాడు. వెలిచ్కా రాగి చెంబుతో నీళ్ళు తెచ్చింది. పోయేవాళ్ళ కాళ్ళ ముందు నీళ్ళు ఒలకబోస్తే ప్రయాణం నీళ్ళంత సాఫీగా సాగుతుందని ఆ ఊళ్ళో ఎవరికి వారి ఇంటివాళ్ళు పోస్తారు. గెర్గానాకు పోసేవాళ్ళు లేరు. తానే నీళ్ళు పోయాలని వచ్చింది. కానీ వచ్చాక ముందు చేసిన పని మాత్రం అది కాదు. కింద పెట్టి ఉన్న గెర్గానా సంచిని పిడి పట్టుకుని ఎత్తి చూసింది.

వెనక నుంచి గెర్గానా గొంతు వినబడింది.

"ఏం చూస్తున్నావు? ఇటుకలు పెట్టాననుకున్నావా?"

"ఖాళీగా ఉందేమోనని. ఊరి బయట మలుపులో దిగిపోతావేమోనని."

గెర్గానా నవ్వింది. ఆమె నవ్వడం వెలిచ్కా ఎప్పుడూ చూడలేదు. పై పన్ను ఒకటి లేదు.

"నీకు భలే బుర్ర అక్కా. ఆ ఉపాయం నాకు తట్టనే లేదు." కోటు జేబులోంచి తాళంచెవి తీసింది. "పఠనమందిరానిది. ఈ మూడు నెలలూ షీటు నువ్వే చూడు. ఊళ్ళో నీ ఒక్కదానికే ఇఫ్ చదవడం వచ్చు."

"నాకొద్దు."

"తీసుకో. జూన్ జాబితా ఎవరు చేస్తారు? ఇలింకానా?"

వెలిచ్కా తాళంచెవి తీసుకుంది. బూడిదరంగు మేజోళ్ళు ఆమె చేతిలో పెట్టింది. అడుగున రెండు పోగులని చెప్పింది. చెప్పాల్సిన ఇంకో మాట ఉంది. పెదాల దాకా వచ్చింది. అందరూ చూస్తున్నారు. తర్వాత, జూన్‌లో, ఎవరూ లేనప్పుడు చెప్పొచ్చులే అనుకుంది. చెంబు వంచి ఆమె కాళ్ళ ముందు నీళ్ళు పోసింది. కొన్ని బూట్ల మీద పడ్డాయి.

బస్సు కదిలింది. అది మలుపు తిరిగేదాకా చూసింది. అక్కడ ఎవరూ దిగలేదు. తిరిగి వస్తుంటే ఇలింకా కంచె మీద చేతులు ఆనించి నిలబడి ఉంది.

"తాళంచెవి నీ చేతికొచ్చిందటగా?" అంది. అంటూ వెలిచ్కా కోటు జేబు వైపు చూసింది, మొన్నటి వరకూ వెలిచ్కా గెర్గానా జేబు వైపు చూసినట్టే.

సోమవారం పఠనమందిరం తెరిచి వెలిచ్కా షీటు ముందు కూర్చుంది. ఐదో నిలువు వరుస మొదట, ప్రశ్న కింద, "అవును లేదా లేదు అని మాత్రమే రాయండి" అని కొట్టింది. ఆ వరుస పక్కన కొత్తగా ఇంకో నిలువు వరుస చేర్చింది. "మీకు బాగుందా?" అని దానికి పేరు పెట్టింది. సూత్రంలో యాండ్ లోపల ఇంకో షరతు పట్టేలా దిద్దడానికి మూడు రోజులు పట్టింది. వచ్చిపోయేవాళ్ళందరినీ అడిగి ఆ గడులు నింపింది. గెర్గానా ఎదురుగా గడిని ఖాళీగా ఉంచింది, వచ్చాక అడిగి రాద్దామని.

గెర్గానా తిరిగి రాలేదు. 2013 మే పద్నాలుగు, మంగళవారం, ఇటలీలోని పెసారోలో చనిపోయింది.